చిన్న సినిమా హీరోయిన్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి, ఒకప్పటంత సందడి లేదు గానీ ఉన్నాయి. అక్కడ ఏదో ఒక చిన్న సినిమా పోస్టరు విప్పి చూడండి, ముప్పావు వంతు హీరోయినే ఉంటుంది. హీరో ఎవరో జనానికి తెలియదు, డైరెక్టరుకి ఇదే మొదటి సినిమా, బ్యానరు మొన్ననే పుట్టింది, అలాంటప్పుడు గోడ మీద నిలబెట్టి అమ్మగలిగింది ఆమె మొహం ఒక్కటే. అదే సినిమాకి డబ్బులు చాలక ఖర్చు తగ్గించాల్సి వస్తే మాత్రం ముందు కోత పడేది ఆమె పారితోషికానికి. కెమెరా అద్దె ఆపితే కెమెరా వెళ్లిపోతుంది, భోజనాలు ఆపితే యూనిట్ వెళ్లిపోతుంది, ఆమెకి ఇవ్వాల్సింది ఆపితే మాత్రం "వచ్చే షెడ్యూల్లో చూద్దాంలేమ్మా" అంటే సరిపోతుంది.

అంటే ఆమెకి ఇచ్చేది రోజుల లెక్కన కూలి, తీసుకునేది ఎన్నేళ్లయినా వాడుకోగల మొహం. చిన్న సినిమా నటి కెరీర్లో కనిపించే విచిత్రాలన్నీ దాదాపు ఈ తేడాలోంచే పుడతాయి.

ముందు చిన్న సినిమా అంటే ఏమిటో తేల్చుకోవాలి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ రేట్ల మీద జీవో ఇచ్చినప్పుడు, రోజుకి 5 ఆటలు వేసుకోవాలంటే అందులో ఒకటి చిన్న సినిమాకి ఇవ్వాలని, అది కూడా పొద్దున 11కీ రాత్రి 9కీ మధ్యలో ఉండాలని షరతు పెట్టింది. చిన్న సినిమా అంటే 20 కోట్ల లోపు బడ్జెట్ అంది. 20 కోట్ల సినిమాని గాంధీనగర్లో ఎవరూ చిన్న సినిమా అనరు. ఇక్కడ చెప్పుకునేది అంతకంటే చాలా కింద ఉన్న సరుకు గురించి: రియల్ ఎస్టేట్లో నాలుగు రూపాయలు మిగిలినాయనో, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవాళ్ల బంధువో, నలుగురు స్నేహితులు తలా కొంత వేసుకునో తీసే సినిమా. తెలుగు మార్కెట్టుని నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్ గోదావరి, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలుగా కోసి అమ్ముతారు కదా, పెద్ద సినిమాకైతే ఆ ముక్కలు ముందే అమ్ముడుపోతాయి. ఈ సినిమాని కొనేవాడు ఉండడు. నిర్మాతే థియేటర్‌కి అద్దె కట్టి వేసుకోవాలి. శుక్రవారం మార్నింగ్ షోకి నలుగురు కూడా రాకపోతే ఆట క్యాన్సిల్, సోమవారానికి ఆ పోస్టరు మీద ఇంకో పోస్టరు. హాల్లోంచి డబ్బులు రావని తీసేవాడికీ తెలుసు, అందుకే ఆశంతా ఓటీటీ మీదో, యూట్యూబ్ మీదో, హిందీ డబ్బింగ్ హక్కుల మీదో పెట్టుకుని, షూటింగ్ రోజులు ఎంత తగ్గితే అంత మిగిలినట్టు అనుకుంటాడు.

ఇక ఈ అమ్మాయిలు ఎక్కడి నుంచి వస్తారన్నది. గుంటూరు జిల్లా అనగానే సావిత్రి, జమున, శారద పేర్లు చెప్పేస్తారు, చెప్పుకోవాల్సిందే. సావిత్రి పుట్టింది చిర్రావూరు, పెరిగింది విజయవాడ. జమున పెరిగింది దుగ్గిరాల. శారదది తెనాలి. అయితే ముగ్గురూ సినిమాకి ముందు నాటకాలు వేసినవాళ్లన్న సంగతి మర్చిపోతుంటాం. అమ్మాయికి నటన వచ్చో రాదో ఊళ్లో జనం ముందు తేలిపోయాకే మద్రాసు రైలెక్కడం. జమునని దర్శకుడు గరికపాటి రాజారావు నాటకాల్లో చూసే 1953లో 'పుట్టిల్లు'లోకి తీసుకున్నాడు. అప్పట్లో విజయవాడ, తెనాలి నాటక రంగం సినిమాకి ఒక రకంగా ఉద్యోగాల ఆఫీసు. ఆ ఆఫీసు ఇప్పుడు పేరుకే ఉంది. పరిషత్తు నాటకాలు ఇంకా ఆడుతున్నారు గానీ అక్కడికి కాస్టింగ్ వాళ్లు వచ్చి కూర్చోవడం తక్కువ. ఇప్పటి దారి ఇన్‌స్టా రీల్సు, ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు తీసే షార్ట్ ఫిల్ములు, పెళ్లిళ్లలో సంగీత్ ఈవెంట్లు, తిరునాళ్లలో స్టేజీ డ్యాన్సులు. అక్కడి నుంచి నటీనటుల్ని సినిమాలకి కుదిర్చే ఒక కోఆర్డినేటర్ నంబరు, ఆ కోఆర్డినేటర్ నుంచి హైదరాబాద్ కృష్ణానగర్లో ముగ్గురు కలిసి ఉండే గది.

ఈ దారిలో మొదటి దెబ్బ సినిమా మొదలవ్వక ముందే తగులుతుంది. పోర్ట్‌ఫోలియో అని, ఆర్టిస్టు కార్డు ఇప్పిస్తామని, వర్క్‌షాప్ ఫీజని అమ్మాయి దగ్గరే డబ్బులు గుంజేవాళ్లు బోలెడు మంది. ఆడిషన్‌కి డబ్బు అడిగితే అది ఆడిషన్ కాదు, అందులో ఆలోచించడానికేం లేదు.

రెండో సంగతి కొంచెం వింతగా ఉంటుంది. డబ్బుల్లేని సినిమా కదా, గుంటూరు అమ్మాయినో బెజవాడ అమ్మాయినో పెట్టుకుంటే రైలు టికెట్టుతో పోతుంది. కానీ చాలామంది నిర్మాతలు ముంబై నుంచి విమానం టికెట్టు వేసి, హోటల్ గది ఇచ్చి, తెలుగు ఒక్క ముక్క రాని అమ్మాయిని తెచ్చుకుంటారు, మన అమ్మాయికి చెల్లెలు వేషమో ఫ్రెండు వేషమో ఇస్తారు. తెల్లగా ఉంటేనే పోస్టరు అమ్ముడవుతుందన్న నమ్మకం ఒక కారణం, కాదనలేం. రెండో కారణం బయటికి చెప్పరు. స్థానిక అమ్మాయికి అమ్మ సెట్‌కి వస్తుంది, ఏడు దాటితే నాన్న ఫోన్ చేస్తాడు, స్క్రిప్టులో చెప్పని సీను చేయమంటే ఇంట్లో అడగాలంటుంది, డబ్బులు ఆపితే బాబాయో మావయ్యో వచ్చి ఆఫీసు గుమ్మంలో కూర్చుంటాడు. భాష రాని ఊళ్లో ఒక్కతే ఉన్న అమ్మాయికి ఈ బలగం ఉండదు. పనిచేయించుకునేవాడికి అదే సుఖం. సరే, అందరు నిర్మాతలూ ఇలాగే ఆలోచిస్తారని కాదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, బతుకు ఎలా కుదురుతుందో తెలియడానికి. గుంటూరు కొత్తపేట నుంచి వచ్చిన అమ్మాయికి ఎలాగో హీరోయిన్ వేషమే దొరికింది. రోజుకి 5,000 చొప్పున 18 రోజులు, మొత్తం 90,000. అడ్వాన్సు 20,000. షూటింగ్ మధ్యలో 30,000. మిగతా 40,000 "డబ్బింగ్ అయ్యాక." కోఆర్డినేటర్ పది శాతం మాత్రం వచ్చినదాని మీద కాదు, ఒప్పుకున్నదాని మీద, అంటే 9,000. బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు, దానికో 12,000. రానూపోనూ చార్జీలు, ఆటోలు 6,000. చేతిలో మిగిలింది 23,000. 18 రోజులకి 23,000 అంటే మరీ తక్కువేం కాదే అనిపిస్తుంది. కానీ ఆ 18 రోజులు ఒక్కసారే రావు. ఫైనాన్స్ ఆగి ఒకసారి, హీరో డేట్లు కుదరక ఒకసారి, వానొచ్చి ఒకసారి ఆగి, మొత్తం ఏడు నెలలు సాగుతుంది. అప్పుడు నెలకి 3,300 కూడా పడదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్లో నిలబడే అమ్మాయి జీతం దీనికంటే ఎక్కువే ఉంటుంది.

ఏడు నెలలూ వేరే పని చేసుకోవచ్చు కదా అంటారు. అక్కడే కంటిన్యుటీ అనే గొడవ ఉంది. జుట్టు కత్తిరించుకోకూడదు, రంగు వేయకూడదు, బరువు పెరగకూడదు, కనుబొమలు కూడా అలాగే ఉండాలి. క్లైమాక్సు సగంలో ఆగిపోయిందనుకోండి, ఆ రోజు వేసుకున్న పసుపు చుడీదారుని ఉతక్కుండా, మోచేతి దగ్గర అంటిన మట్టి మరకతో సహా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టుకోవాలి. ఉతికితే మరక పోతుంది, మరక పోతే షాటు అతకదు. మూడు నెలల తర్వాత ఫోన్ వస్తే ఆ కవరు పట్టుకుని వెళ్లాలి, రాకపోతే ఆ కవరు అలాగే ఉంటుంది. ఈ ఎదురుచూపులకి రోజు కూలి లేదు. ఒప్పందంలో రాసింది కెమెరా ముందు నిలబడ్డ రోజులే.

మిగిలిన 40,000 రావాలంటే ఆమె చేతిలో ఏదో ఒక పట్టు ఉండాలి. పరిశ్రమలో పాత అలవాటు ప్రకారం ఆర్టిస్టుకి ఆ పట్టు డబ్బింగ్. బ్యాలెన్సు ఇస్తేనే మైకు ముందుకొస్తానంటే ఫస్ట్ కాపీ, అంటే రిలీజుకి సిద్ధమైన సినిమా, ఆగిపోతుంది, కాబట్టి నిర్మాత ఎక్కడో తెచ్చి ఇస్తాడు. హీరోయిన్ల గొంతు మాత్రం మన దగ్గర చాలాకాలంగా వేరేవాళ్లే చెబుతున్నారు. బయట నుంచి వచ్చిన అమ్మాయికి తెలుగు రాదు కాబట్టి అదొక అర్థముంది. తెలుగు ఇంటి భాషైన అమ్మాయికి కూడా "వాయిస్ సూట్ కాలేదు" అని డబ్బింగ్ ఆర్టిస్టుని పిలిచేస్తున్నారంటే, గొంతు మాట ఎలా ఉన్నా ఆమె చేతిలో ఉన్న ఒక్క తాళం కూడా పోయినట్టే. సినిమాల్లో దశాబ్దాలుగా మాట్లాడిస్తున్నది కృష్ణా, గుంటూరు తెలుగే, ఆ గుంటూరు అమ్మాయి మాటే పనికిరాలేదంటే నవ్వాలో ఏడవాలో.

నగదు లేకపోతే రాబోయే తారీఖు వేసిన చెక్కు ఇస్తారు. దాన్ని భద్రంగా దాచుకుని, నిర్మాతని నొప్పించకూడదని ఆగేవాళ్లే ఎక్కువ, ఆగితే పోతుంది. చెక్కుకి దాని మీదున్న తారీఖు నుంచి 3 నెలలే ఆయుష్షు. బ్యాంకులో వేస్తే వెనక్కి వచ్చిందనుకోండి, ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక 15 రోజులు గడువు, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో కేసు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షన్ అంటే ఇదే. 40,000 కోసం ఈ తిరుగుడు ఎవరు తిరుగుతారని నిర్మాత ధీమా. మొత్తం నగదుగా ఇవ్వడం ఇంకో తంటా. పద్ధతి ప్రకారమైతే 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి బ్యాంకులో వేస్తే ఆమె పేరు మీద ఆదాయం ఉన్నట్టు ఒక కాగితం పుడుతుంది. నగదు చేతిలో పెడితే పది శాతం మిగిలినట్టు కనిపిస్తుంది గానీ, పదేళ్లు పనిచేసినా బ్యాంకు లెక్కలో ఆమెకి ఉద్యోగమే లేదు, లోను అడిగే ముఖమూ ఉండదు.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని సమ్మె చేశారు, షూటింగులు ఆగిపోయాయి. లైట్‌మ్యాన్‌కీ, డ్రైవర్‌కీ, జూనియర్ ఆర్టిస్టుకీ యూనియన్ ఉంది, రోజుకి ఇంత అని రేటు ఉంది, దాని కోసం రోడ్డెక్కగలరు. చిన్న సినిమా హీరోయిన్‌కి ఆ రేటు కాగితం లేదు. ఆమె హోదాలో కార్మికురాలు కాదు, ఆదాయంలో స్టారు కాదు. గుంపులో నిలబడ్డ అమ్మాయికి రాత్రి కాల్షీట్ (ఒప్పుకున్న పని గంటలు) దాటితే అదనంగా రావాల్సింది ఇంత అని అడిగే దిక్కు ఉంటుంది, గుంపు ముందు డైలాగు చెప్పిన హీరోయిన్‌కి ఉండదు.

సెట్ మీద పరిస్థితి అందరికీ తెలిసిందే అయినా ఒకటి చెప్పుకోవాలి. చిన్న సినిమాలో క్యారవాన్ ఉండదు. ఉండవల్లి వైపో కొండపల్లి వైపో అరటి తోటలో పాట తీస్తుంటే, బట్టలు మార్చుకోవడానికి ఊళ్లో ఒక ఇల్లు అడుగుతారు, ఆ ఇల్లు తోటకి కిలోమీటరు దూరం. బాత్రూము అవసరం పడితే ప్రొడక్షన్ కుర్రాడిని పిలిచి బండి మీద తీసుకెళ్లమనాలి, అందరి ముందు. అందుకే పొద్దున్నుంచీ నీళ్లు తాగరు. వేధింపుల మాటకొస్తే, పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి పనిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, చిన్న సినిమా యూనిట్ అయినా పదిమంది దాటుతుంది, కమిటీ మాత్రం కాగితం మీద కూడా కనపడదు. పదిమంది లోపు చోట్లకీ, యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడూ ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలని అదే చట్టం చెబుతుంది, జరిగిన 3 నెలల్లోపు అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. గుంటూరు నుంచి వెళ్లిన అమ్మాయిల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇంతవరకూ డబ్బు ఆగిపోయే చోట్లు. మొహం సంగతి వేరు. సినిమా పోయినా మొహం ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. పాత రోజుల్లో చిన్న ఊళ్ల హాళ్లలో మార్నింగ్ షోకి సెన్సారు చూడని బిట్లు (బూతు ముక్కలు) కలిపి వేసేవాళ్లు. ఆ బిట్లో ఉన్నది వేరే మనిషి, పోస్టరు మీదున్నది ఈమె, బయటికొచ్చిన జనం నోట్లో పడేది ఈమె పేరు. ఇప్పుడా పని యూట్యూబ్ థంబ్‌నెయిల్ చేస్తోంది. రెండు గంటల సినిమాలో ఆమె తడిసిన రెండు సెకన్లు పట్టుకుని, ఎర్ర బాణం గుర్తు పెట్టి, సినిమాలో లేని మాట ఒకటి రాసి ఎక్కిస్తారు. సినిమా తీసినాయన ఆ హక్కులు ఎవరికో అమ్మేసి ఎప్పుడో రియల్ ఎస్టేట్‌లోకి వెళ్లిపోయి ఉంటాడు. పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పుడు ఆ థంబ్‌నెయిల్ వాట్సాప్‌లో తిరిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాత్రం ఆమె.

దీనికి పెద్ద ఉదాహరణ పక్క జిల్లాలోనే ఉంది. ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో పుట్టిన వడ్లపట్ల విజయలక్ష్మి నాలుగో తరగతితో చదువు ఆపేసి, మద్రాసు వెళ్లి టచప్ (నటుల మేకప్ సరిదిద్దే) పనిలో చేరి, 1980లో ఒక తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరే ఇంటి పేరులా అతుక్కుని సిల్క్ స్మిత అయింది. పదిహేడేళ్లలో 450కి పైగా సినిమాలంటారు. ఒక దశలో ఆమె పాట ఉంటే తప్ప సినిమా కొనని బయ్యర్లు ఉండేవారని ట్రేడ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సొంతంగా సినిమా తీయబోయి నష్టపోయింది, 1996 సెప్టెంబరు 23న మద్రాసులో చనిపోయింది, అప్పటికి 35 ఏళ్లు. ఆ పేరుతో, ఆ మొహంతో వ్యాపారం మాత్రం ఆగలేదు, చాయ్ కొట్టు గోడ దగ్గర్నుంచి టీ షర్టుల దాకా.

చట్టంలో ఆర్టిస్టుకి అసలేమీ లేదని కాదు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలతో నటులకి కొంత బలం వచ్చింది. సినిమాలో నటించడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాత ఆ సినిమాని వాడుకోవడాన్ని ఆపలేరు, అది నిజమే. కానీ పరువు పోయేలా నటనని వక్రీకరిస్తే, ముక్కలు చేసి మార్చి వాడితే ఆపమని, నష్టపరిహారం ఇమ్మని అడిగే నైతిక హక్కు ఆర్టిస్టుకి ఉంది. నిడివి కోసం కత్తిరించడం దీని కిందకి రాదు, బిట్లు కలపడం లాంటివి వస్తాయని గట్టిగా వాదించొచ్చు. ఇంకో మెలిక ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. సినిమాలో ఏదో పక్కన కనిపించి వెళ్లే వేషమై, టైటిల్స్‌లో పేరు కూడా లేకపోతే, ఆ వ్యక్తి చట్టం దృష్టిలో 'పెర్ఫార్మర్' కింద లెక్కకే రారు, ఆ నైతిక హక్కు ఒక్కటి తప్ప మిగతావి వర్తించవు. టైటిల్ కార్డులో పేరు వేయించుకోవడం సరదా కోసమే అనుకుంటారు, అది హక్కుల లెక్కలోకి కూడా వస్తుంది.

మరి వీళ్లు బతికేది దేని మీద అంటే, సినిమా పేరు చెప్పుకుని బయట చేసే పనుల మీద. నరసరావుపేటలో బట్టల షోరూం ఓపెనింగు, సత్తెనపల్లిలో సెల్‌ఫోన్ కొట్టు, వినాయక చవితికి స్టేజీ, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర వేసే ప్రోగ్రాములు. అక్కడ గంట నిలబడి, రిబ్బను కోసి, రెండు పాటలకి అడుగులేసి, సెల్ఫీలు ఇస్తే అదే రోజు కవరు చేతికొస్తుంది. బ్యాలెన్సు, చెక్కు, డబ్బింగ్ గొడవలేం ఉండవు. ఆ ఓపెనింగు రావాలంటే ఫ్లెక్సీ మీద "హీరోయిన్" అని వేయడానికి ఒక సినిమా ఉండాలి, ఆడిందా లేదా అనవసరం. అందుకే డబ్బులు సరిగ్గా ఇవ్వరని తెలిసి కూడా ఇంకో చిన్న సినిమా ఒప్పుకుంటారు. బయటివాళ్లకి అది తెలివితక్కువగా కనిపిస్తుంది గానీ లెక్క ప్రకారం చూస్తే అంత తప్పేం కాదు, ఆ సినిమాయే ఈ అమ్మాయిలకి విజిటింగ్ కార్డు, కాకపోతే ఏడు నెలల ఖరీదైన కార్డు. కాస్త ముందుచూపున్నవాళ్లు సీరియల్స్‌కి మారిపోతారు, నెలకి ఇన్ని రోజులని పని ఉంటుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది. అక్కడా హీరోయిన్ వేషాల్లో కన్నడ అమ్మాయిలదే జోరు అన్నది వేరే కథ.

పైకొచ్చినవాళ్లు లేరా, ఉన్నారు. షార్ట్ ఫిల్ములు చేసుకుంటూ వచ్చిన చాందినీ చౌదరి, మచిలీపట్నం నేపథ్యంలో చిన్న బడ్జెట్‌లో తీసిన 'కలర్ ఫొటో'లో హీరోయిన్. ఆ సినిమా 2020లో కరోనాకి హాళ్లు మూతపడ్డ రోజుల్లో ఓటీటీలో వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. యూట్యూబ్ వెబ్ సిరీస్‌లతో జనానికి తెలిసిన వైష్ణవి చైతన్య 2023లో 'బేబీ'తో పెద్ద హిట్టు కొట్టింది. ఈ ఇద్దరి దారిలో ఒకటి గమనించాలి, సినిమా కంటే ముందు వాళ్ల నటన ఫోన్లలో జనం చూసేశారు. తెనాలి నాటకాల స్టేజీ చేసిన పనే అది, ఇంకో రూపంలో. పోస్టరుతో మొదలైన అమ్మాయికీ, నటన చూసి పిలిపించుకున్న అమ్మాయికీ బేరం దగ్గరే తేడా వస్తుంది, రెండో అమ్మాయి కాదంటే నిర్మాత ఇంకో మొహం వెతుక్కుని సరిపెట్టుకోలేడు.

మొదటి సినిమా సంతకం పెట్టబోయే అమ్మాయి నాలుగు మాటలు రాయించుకోవాలి. రోజులు ఎన్ని, షెడ్యూల్ ఫలానా నెల దాటితే ఆగినందుకు ఎంత. బ్యాలెన్సు డబ్బింగ్ తర్వాత కాదు, షూటింగ్ చివరి రోజు పొద్దున, మేకప్ వేసుకోక ముందు. డబ్బింగ్ ఎవరు చెప్పినా ఆ మాట మారదు. స్టిల్స్, ట్రైలరు ముక్కలు సినిమా ప్రచారానికి తప్ప ఇంకో వీడియోకి వాడకూడదు. టైటిల్స్‌లో పేరు, స్పెల్లింగ్‌తో సహా. చివరి మాట ఎందుకంటే, న్యూమరాలజీ చూసి నిర్మాతే ఇంకో 'ఎ' తగిలించేస్తాడు, తర్వాత ఆధార్ కార్డుకీ టైటిల్ కార్డుకీ పొంతన కుదరదు.